కోళ్ల ఎరువు మడిలో జింకు లోపం: ఈ దాళ్వా తూకాలు, అనుమానాలు

దాళ్వా (రబీ) వరి కోతలు ముగించి తూకాలు వేశాను. మూడు మళ్లు మంచి దిగుబడి ఇచ్చాయి. నాలుగోది, అంటే కోళ్ల ఎరువు వేసిన మడి, మాత్రం నిరుటిలాగే వెనకబడి నన్ను ఎంతో నిరాశపరిచింది.

గోదావరి పాయలైన గౌతమి, వైనతేయల నడుమ మాది బరువైన ఒండ్రు బంకనేల. ఒక్కో మడి ఒక సెంటు, అంటే ఎకరంలో వందో వంతు. అన్నింటిలోనూ ఎంటీయూ 1121 వరి రకమే నాటాను. ఎకరానికి 72 కిలోల నత్రజని చొప్పున సెంటుకు 720 గ్రాములు అందేలా లెక్క కట్టాను. మొదటి మడికి యూరియా, భాస్వరానికి సూపర్ ఫాస్ఫేట్. రెండో మడికి ఎకరానికి 5 టన్నుల లెక్కన 50 కిలోల చివికిన పశువుల ఎరువు, తక్కువపడిన నత్రజనికి యూరియా. మూడో మడికి గిరిపుష్పం చెట్టు పచ్చిరొట్ట, యూరియా. నాలుగో మడికి 20 కిలోల కోళ్ల ఎరువు, 780 గ్రాముల డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు), కొద్దిగా యూరియా. పొటాష్ అన్నింటికీ సమానమే. సేంద్రియ ఎరువుల్లోని జింకు పైరుకు ఎంతవరకు సరిపోతుందో చూడాలన్న ఉద్దేశంతో జింకు సల్ఫేట్ ఏ మడికీ వేయలేదు.

రెండో మడి 33 కిలోలు పండింది. 75 కిలోల బస్తాల్లో చెప్పుకుంటే ఎకరానికి 44 బస్తాలు. మొదటిది 31, మూడోది 30 కిలోలు ఇచ్చాయి.

నాలుగో మడిలో నాటిన నాలుగో వారానికే తేడా స్పష్టమైంది. పైనుంచి మూడు, నాలుగు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయి, లేత ఆకుల మొదలు దగ్గర మధ్య ఈనె పాలిపోయింది, ఆకు వంచితే పెళుసుగా విరిగింది. రెండో మడిలో పైరు 38 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే ఇక్కడ 24 సెంటీమీటర్లే ఉంది. అక్కడ దుబ్బుకు 14 పిలకలు ఉంటే ఇక్కడ 6 మాత్రమే ఉన్నాయి.

మొదట నత్రజని మీద అనుమానం కలిగింది. పూర్తిగా చివకని ఎరువు నేలలో కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని కొంతకాలం పట్టి ఉంచుతాయి కనుక, ఒక మూల చదరపు మీటరు మేర 10 గ్రాముల యూరియా చల్లి చూశాను. అక్కడ నాచు పెరిగిందే గాని మచ్చలు తగ్గలేదు. తర్వాత దుబ్బు పీకి చూస్తే వేళ్లు నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది. గాలి ఆడక వేళ్లకు హాని చేసే సల్ఫైడ్ ఏర్పడిందని భావించి, నేల సన్నగా నెర్రెలిచ్చే దాకా నీరు తీసివేశాను. తెల్లని కొత్త వేళ్లు పుట్టాయి, వాసన పోయింది, అయినా కొత్త ఆకుల మీద మచ్చలు వస్తూనే ఉన్నాయి.

అప్పుడు మడిని సగానికి గుర్తుపెట్టి, ఒక సగంపై లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి అయిదు రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేశాను. పురుగుమందు ఏదీ కలపలేదు. వారం తిరిగేసరికి అటువైపు కొత్త ఆకులు మచ్చ లేకుండా విచ్చుకున్నాయి. చివరికి పిచికారీ చేసిన సగం 13 కిలోలు, చేయని సగం 9 కిలోలు పండాయి.

జింకు లోపం రుజువైనట్టే. కాని కోళ్ల మేతలో జింకు కలుపుతారు కనుక ఆ ఎరువులోనూ జింకు ఉండాలి కదా, అది పైరుకు ఎందుకు అందలేదన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. కోళ్ల ఎరువులో భాస్వరం పశువుల ఎరువులో కంటే చాలా ఎక్కువ. దానికి డీఏపీలోని భాస్వరం తోడై జింకు తీసుకోవడాన్ని అడ్డుకుని ఉండవచ్చు. పచ్చి ఎరువు నిలవ నీటిలో కుళ్లితే సల్ఫైడ్, బైకార్బొనేట్ పెరిగి, జింకు కరగని రూపంలోకి పోవడమో, వేరు దాన్ని పీల్చలేకపోవడమో జరుగుతుంది. దాళ్వా నాట్ల నాటి చలి దీన్ని ఇంకా పెంచుతుంది. నాకు మొదటి కారణమే, అంటే భాస్వరం ఎక్కువ కావడమే, బలంగా తోస్తోంది. కోళ్ల ఎరువు వేసిన చేనికి డీఏపీ అనవసరమని నా గట్టి అభిప్రాయం. నత్రజని, భాస్వరం సమానంగా ఉండే గ్రోమోర్ 28-28-0 గుళికలు చల్లడానికి ఎంత బాగున్నా, భాస్వరం విషయంలో వాటికీ అదే మాట వర్తిస్తుంది. ద్రవరూపంలో ఉండే ఇఫ్కో నానో యూరియాను పైపాటుగా ఒక పిచికారీకి వాడతాను గాని, దుక్కిలో వేసే నత్రజనికి దాన్ని బదులుగా ఒప్పుకోలేను.

జింకు అందిన సగాన్ని పూర్తి సెంటుకు లెక్కగట్టినా 26 కిలోలే. రెండో మడికి ఇంకా 7 కిలోలు తక్కువ. పిచికారీ ఆలస్యంగా అందడం ఒక కారణం కావచ్చు. ఈ మడి మురుగు కాలువ వైపు పల్లంలో ఉంది. మిగతా మళ్లలో 4 సెంటీమీటర్ల నీరుంటే ఇక్కడ 9 నిలుస్తుంది. లోపం ఎరువుదా, పల్లానిదా తేలాలంటే మళ్లు మార్చక తప్పదు.

ప్రస్తుతం నాలుగు మళ్లలోనూ పచ్చిరొట్ట పైరుగా పిల్లిపెసర చల్లాను. సార్వా (ఖరీఫ్) దమ్ములో కలియదున్నుతాను. ఆలోగా మట్టి పరీక్షకు పంపి, లభ్య జింకు 0.6 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.6 వంతు) కంటే తక్కువ ఉందేమో చూడాలి. వచ్చే దాళ్వాకు కోళ్ల ఎరువును మెరక మడికి, పశువుల ఎరువును పల్లపు మడికి మారుస్తాను. కోళ్ల ఎరువును ఊక కలిపి, తడిపి, రెండు నెలలు మాగబెట్టి డీఏపీ లేకుండా వేస్తాను. ప్రతి మడిలోనూ సగానికి ఎకరానికి 20 కిలోల లెక్కన, అంటే అర సెంటుకు 100 గ్రాముల జింకు సల్ఫేట్‌ను ఆఖరి దమ్ములో, భాస్వరం ఎరువు వేసిన మూడు రోజుల తర్వాత విడిగా చల్లి, నాలుగో వారంలో పిలకలు మళ్లీ లెక్కపెడతాను.