బిగ్ బెండ్ దారిలో బ్యాటరీ లెక్కలు

టెక్సస్‌లో ఫ్రిస్కో నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్కు దాదాపు 600 మైళ్లు. మా పికప్ ట్రక్కు వెనక క్యాంపింగ్ ట్రైలర్ ఉంటే నేను గంటకు అరవై అయిదు మైళ్లు దాటనివ్వను. కాబట్టి దారిలో రాత్రిళ్లు ఆగుతూ తాపీగా పోదామని బయల్దేరాం. డిసెంబరు సెలవులు. వెనక సీట్లలో అత్తయ్యగారు, మా ఆవిడ, పిల్లలు. పక్కన మామయ్యగారు. ఆయన ప్రకాశం జిల్లాలో కరెంటు ఆఫీసులో ఏఈగా చేసి రిటైరయ్యారు. ఎండనపడి పొలాల్లో లైన్ల వెంట తిరిగిన మనిషి. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి ఆయన శ్రద్ధగా చూసింది మా ఇంటి మీటరు బాక్సు, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు. మిగతావన్నీ మా ఆవిడ బలవంతం మీద చూసినవే.

మేం దిగబోయేది కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో. పార్కుకు పడమటి వైపు, రియో గ్రాండే ఒడ్డున ఉంటుంది. అక్కడ ప్లగ్ పాయింట్లు లేవు, జనరేటర్ వేయనివ్వరు. మన కరెంటు మనమే మోసుకెళ్లాలి. ట్రైలర్‌లో 100 ఆంపియర్ అవర్ల (అంటే గంటకు పది ఆంపియర్ల చొప్పున వాడితే పది గంటలొచ్చే) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండున్నాయి. బండి నడుస్తున్నంతసేపూ ఇంజనుతో పాటు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తిరుగుతూనే ఉంటుంది కదా, సాయంత్రానికి అవే నిండిపోతాయని ట్రైలర్ కొన్నవాళ్లలో చాలామంది నమ్ముతారు. అమ్మేవాళ్లూ అదే చెబుతారు. అలా నిండవు. నిండేట్టు చేయడానికి నేను బయల్దేరే ముందే డీసీ టు డీసీ చార్జర్ ఒకటి బిగించి, దానికోసం ట్రక్కు బ్యాటరీ నుంచి విడిగా లావుపాటి కేబుల్ లాగించాను.

బయల్దేరే రోజు పొద్దున మామయ్యగారు ఆ కేబుల్ చూసి, "అల్లుడుగారూ, దీన్ని ఇవాళ తగిలించకండి. ముందు పాత లైన్లో ఎంతొస్తుందో చూద్దాం. పాత రీడింగు లేనిదే కొత్తది ఏం బాగుందని చెబుతారు?" అన్నారు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. బ్యాటరీలు అప్పటికి సగం దిగి ఉన్నాయి.

పాత లైన్ అంటే ట్రక్కు బంపరు కింద ఉండే ఏడు పిన్నుల సాకెట్. ట్రైలర్ లైట్లు, ఇండికేటర్లు, ఎలక్ట్రిక్ బ్రేకులు అన్నీ దాని గుండానే పోతాయి. అందులో ఒక పిన్ను బ్యాటరీ చార్జింగుకి. మా ట్రక్కులో దానికి 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. ఫ్యూజు మీది అంకె చూసి 30 ఆంపియర్లూ వస్తాయనుకోవడం సహజం.

ఫోర్ట్ వర్త్ దాటి ఇంటర్‌స్టేట్ 20 మీద పడ్డాక మా ఆవిడ ఫోన్లో బ్యాటరీ మానిటర్ తెరిచి చదవడం మొదలుపెట్టింది. ట్రక్కు దగ్గర 14.1 ఓల్టులు. ట్రైలర్ దగ్గర 13.3. వస్తున్న కరెంటు 7 ఆంపియర్లు. ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగినప్పుడు అందులోంచి 5 అదే తినేస్తోంది. మామయ్యగారు పెన్సిల్ అడిగారు. బానెట్ కింద నుంచి ట్రైలర్ సోఫా కింద ఉన్న బ్యాటరీ దాకా 35 అడుగుల తీగ. పోను 35, రాను 35. 12 గేజ్ రాగి తీగకి అడుగుకి 1.6 మిల్లీఓములు. అంతా కలిపితే 0.11 ఓము. ఏడు ఆంపియర్లకే 0.8 ఓల్టు దారిలో రాలిపోతుంది. సగం నిండిన లిథియం బ్యాటరీ ఊరికే ఉన్నా 13.1, 13.2 దగ్గర ఉంటుంది. ఎదురుగా వచ్చేది 13.3 అయితే ఇక తోసేదెక్కడ?

"ఇది టెయిల్ ఎండ్ మోటారే" అన్నారాయన నవ్వి.

ఆ ముక్క అర్థం కావాలంటే మా వైపు పొలాల సంగతి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు ఊరి దగ్గర ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, అక్కణ్నుంచి బోర్ల దాకా మైళ్ల కొద్దీ ఎల్టీ లైన్, అంటే తక్కువ ఓల్టేజీ లైన్, లాగేవారు. మొదట్లో ఉన్నవాడి మోటారు బాగానే తిరిగేది. చివరి రైతుకి లో ఓల్టేజీ, ఆ లో ఓల్టేజీకి మోటారు కాలిపోవడం. ఆల్టర్నేటర్ ఎంత పెద్దదన్న ప్రశ్న అందుకే తప్పుడు ప్రశ్న. మాది 170 ఆంపియర్లది. అది 220 అయినా ఆ సన్నతీగ చివర వచ్చేవి ఆ ఏడే.

వెదర్‌ఫర్డ్ దాటాక నేను ఇంకోటి చూపించాను. ఇప్పటి ట్రక్కుల్లో ఆల్టర్నేటర్ ఓల్టేజీని కంప్యూటర్ ఆడిస్తుంది. ట్రక్కు బ్యాటరీ నిండుగా ఉందనుకుంటే, పెట్రోలు ఆదా కోసం ఓల్టేజీ తగ్గించేస్తుంది. మా ట్రక్కు షెవర్లే సిల్వరాడో. బరువు లాగేటప్పుడు వాడే టో హాల్ బటన్ నొక్కి ఉంచితే ఓల్టేజీ పెరుగుతుందనీ, వెనక బ్యాటరీ చార్జ్ చేసేటప్పుడు అలాగే నడపమనీ దాని పుస్తకంలోనే ఉంది. ట్రైలర్ మరీ తేలికైతే హెడ్‌లైట్లు వేసుకోమని కూడా ఉంది. బల్లపరుపు రోడ్డు చూసి ఆ బటన్ తీసేశాను. కాసేపటికి మా ఆవిడ "ఒకటిన్నర ఆంపియర్" అని చదివింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఏడు. ట్రైలర్ లాగుతూ ఈ బటన్ సంగతి తెలియనివాళ్లు ఎంతమందో.

స్వీట్‌వాటర్ దగ్గర గాలిమరలు కనిపించినంత మేరా ఉన్నాయి. మరలకి మంచిదే గానీ ఎదురుగాలిలో మా బండి గ్యాలనుకి తొమ్మిది మైళ్లు కూడా ఇవ్వలేదు. సాయంత్రం లేక్ కొలరాడో సిటీ స్టేట్ పార్కులో దిగేసరికి బ్యాటరీల్లో చేరింది ఇరవై పైచిలుకు ఆంపియర్ అవర్లు. రోజంతా నడిపిన దానికి అదీ జీతం.

అక్కడ సైట్‌లో ప్లగ్ ఉంది, డబ్బు కట్టేసి ఉన్నాం కూడా. మామయ్యగారు పెట్టనివ్వలేదు; లెక్క చెడుతుందట. అత్తయ్యగారు ఎలక్ట్రిక్ కుక్కర్ చేత్తో పట్టుకుని నిలబడి, "ఎదురుగా కరెంటు పెట్టుకుని ఈ చీకట్లో కూర్చోడమేంటండీ, ఈయనకి ఆఫీసు వదిలిపెట్టినా ఆ బుద్ధి వదల్లేదు" అని గ్యాసు పొయ్యి మీద అన్నం వండారు. రాత్రి ట్రైలర్‌ని వెచ్చబెట్టే ఫర్నేస్ ఫ్యాను తిరిగి, పగలు వచ్చిన ఇరవైనీ తినేసి, ఇంకో ఇరవై అప్పు కూడా తెచ్చింది. చలికాలంలో గ్యాసు ఫర్నేస్ అంటే గ్యాసు ఖర్చే అనుకుంటాం. దాని ఫ్యాను తిరిగినంతసేపూ ఏడు ఆంపియర్లు.

మర్నాడు పొద్దున కొత్త కేబుల్ తగిలించాం. 6 గేజ్ తీగలు (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు), పోను ఒకటి, రాను ఒకటి. బంపరు దగ్గర ఎక్కువ కరెంటు తట్టుకునే ఆండర్సన్ ప్లగ్. ట్రక్కు బ్యాటరీ దగ్గర ఒకటి, ట్రైలర్ బ్యాటరీల దగ్గర ఒకటి, 50 ఆంపియర్ల ఫ్యూజులు. ఫ్యూజు ట్రక్కు వైపు ఒక్కటే వేసి వదిలేసేవాళ్లున్నారు. బ్యాటరీ ఇటూ ఉంది, అటూ ఉంది. తీగ ఎక్కడన్నా ఒరుసుకుని చాసిస్‌కి తగిలితే రెండు వైపుల నుంచీ మంట పెట్టడానికి సిద్ధంగా ఉంటాయి. ట్రైలర్ లోపల, బ్యాటరీ పక్కనే, 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జర్. వచ్చిన ఓల్టేజీ ఎంతున్నా దాన్ని 14.2కి ఎత్తి బ్యాటరీకి ఇవ్వడం దాని పని. ఇంజను ఆగి ట్రక్కు ఓల్టేజీ పడిపోతే అదే ఆగిపోతుంది కాబట్టి ట్రక్కు బ్యాటరీ డౌన్ అయ్యే భయం లేదు.

మామయ్యగారు దాన్ని తడిమి చూసి, "చివర్లో ట్రాన్స్‌ఫార్మరు పెట్టారన్నమాట. మేం హెచ్‌వీడీఎస్‌లో ఇదే చేశాం" అన్నారు. 11 కేవీ లైన్ని పొలం దాకా తీసుకెళ్లి, నాలుగైదు మోటార్లకి ఒక చిన్న 16 కేవీఏదో 25దో పెట్టే పద్ధతి అది. చెప్పినాయనే అర నిమిషం ఆగి, "కాదు కాదు. అక్కడ ఓల్టేజీ ఎక్కువ మీద పంపాం కాబట్టి తీగలో ఆంపియర్లు తగ్గాయి. మీరు పంపేది పన్నెండు మీదే, ఎత్తేది చివర్లో. అప్పుడు తీగలో ఆంపియర్లు ఇంకా పెరుగుతాయి కదా?" అన్నారు.

అదీ అసలు కిటుకు. చార్జర్ కొని, దాన్ని ఆ ఏడు పిన్నుల సన్నతీగకే కట్టేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. చార్జర్‌కి కావలసింది వాట్లు. 14.2 ఓల్టుల్లో 30 ఆంపియర్లంటే 426 వాట్లు. చార్జర్ వేడికింద పోయేది కలుపుకుంటే లాగాల్సింది 470 దాకా. ఓల్టేజీ తగ్గి వస్తే ఆ వాట్ల కోసం ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఎక్కువ లాగితే తీగలో ఇంకా రాలుతుంది. చివరికి ఫ్యూజు పోతుంది, లేదా చార్జరే చేతులెత్తేస్తుంది. చార్జర్ తీగకు బదులు కాదు. 6 గేజ్ తీగలో అయితే 36 ఆంపియర్లు పోతున్నా రాలేది ఒక ఓల్టు.

బిగ్ స్ప్రింగ్ దాటాక పెట్రోలు బంకులో ఆగి, ఇంజను ఆపకుండా పక్కగా నిలబెట్టి, మామయ్యగారు తీగ చుట్టూ పట్టుకుంటే కరెంటు చూపించే టాంగ్ టెస్టర్ పట్టుకుని ట్రైలర్‌లోకి ఎక్కారు. లైన్లో 36, చార్జర్ ముందు 13.1 ఓల్టులు, బ్యాటరీలోకి 30కి పిసరు తక్కువ. కాగితం మీద వేసినదే మీటరు మీద కనిపిస్తే ఆయన మొహం వెలిగిపోయింది. ఒడెస్సా దగ్గర 385 మీదికి తిరిగి, చమురు తోడే పంప్‌జాక్‌ల మధ్యగా క్రేన్, మెకేమీ మీదుగా ఫోర్ట్ స్టాక్టన్ చేరేలోపు వంద ఆంపియర్ అవర్లు ఎక్కాయి. ఆ రాత్రి మాత్రం అత్తయ్యగారి మాటే నెగ్గింది. ప్లగ్ పెట్టాం, కుక్కర్ కూసింది.

లిథియం పెట్టుకునేవాళ్లు చలి సంగతి గుర్తుంచుకోవాలి. సున్నా డిగ్రీల సెంటీగ్రేడు కింద వీటిని చార్జ్ చేయకూడదు. చాలావాటిలో బ్యాటరీ లోపలి సర్క్యూటే అడ్డుకుంటుంది. ఫోర్ట్ స్టాక్టన్‌లో పొద్దున ట్రక్కు అద్దాల మీద మంచు గీకాం. బయట, ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే హిచ్ దగ్గర పెట్టిన బ్యాటరీ అయితే ఎండెక్కేదాకా ఒక్క ఆంపియరూ తీసుకునేది కాదు. మావి సోఫా కింద వెచ్చగా ఉన్నాయి.

మారథాన్ నుంచి పార్కు దాకా రోడ్డు మీద మేమే ఉన్నామనిపించింది. రాస్ మాక్స్‌వెల్ రోడ్డులో సోటోల్ విస్టా దగ్గర ఆగితే దూరాన కొండగోడలో కత్తితో చీరినట్టు ఒక గీత. అదే శాంటా ఎలీనా కాన్యన్. 1500 అడుగుల గోడలు, మధ్యలో నది; ఒక గోడ అమెరికా, ఇంకోటి మెక్సికో. పిల్లలు ఆ నీళ్లలో చెయ్యి పెట్టి "సగం మెక్సికో వెళ్లొచ్చాం" అన్నారు. రాత్రి కాటన్‌వుడ్‌లో లైట్లన్నీ ఆపేసి నక్షత్రాలు చూశాం. 2012 నుంచి ఈ పార్కు అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుల్లో ఒకటి. అత్తయ్యగారు సప్తర్షుల కోసం వెతికితే కొండ అడ్డొచ్చింది.

అక్కడున్నన్నాళ్లూ ఈ కేబుల్ పనికిరాలేదు. ఇది చాలామందికి తట్టదు. క్యాంపులో దిగాక ట్రైలర్ విప్పేస్తాం, ట్రక్కు వేసుకుని తిరుగుతాం. ఆల్టర్నేటర్ రోజంతా తిరిగినా ట్రైలర్‌కి చుక్క చేరదు. కప్పు మీది 200 వాట్ల సోలార్ పలకలు డిసెంబరు ఎండలో ఫ్రిజ్‌కి సరిపడా ఇచ్చాయి, ఫర్నేస్‌కి చాల్లేదు. ట్రక్కుని ఊరికే ఆన్ చేసి నిలబెట్టడం నాకిష్టం లేదు. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ నెమ్మదిగా తిరుగుతుంది, దాని ఫ్యానూ నెమ్మదే, కరెంటు తక్కువ, వేడి ఎక్కువ. పైగా జనరేటర్ వద్దన్న చోట ఇంజను రొద పెట్టడం మర్యాద కాదు. వెళ్లేరోజుకి బ్యాటరీలు పావు వంతుకి వచ్చాయి. నాకేం దిగుల్లేదు, ఎదురుగా లాంగ్ డ్రైవ్ ఉంది.

వచ్చేటప్పుడు మారథాన్ చేరకముందే బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. నది దగ్గర్నుంచి ఉత్తరానికి వచ్చే బండ్లను ఆపి అడుగుతారు. వీసా మీద వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టి వెళ్లకండి. మా నలుగురివీ చూసి, ఒక్క మాటతో పంపించేశారు.

మధ్యాహ్నం మెకేమీ దాటాక రోడ్డు పక్కన ఆగి, అత్తయ్యగారు ఈసారి ఎవరినీ అడక్కుండా ఎలక్ట్రిక్ కుక్కర్‌ని ఇన్వర్టర్‌కి తగిలించారు. మామయ్యగారు ఫోన్ తీసి 500 వాట్లు, అరగంట, ఇరవై ఆంపియర్ అవర్లు అని లెక్కేస్తున్నారు.

"ఎంత సేపట్లో తిరిగొస్తుందండీ?" అన్నారావిడ.

"నలభై నిమిషాలు నడిపితే వచ్చేస్తుంది."

"అయితే పప్పు కూడా పెడతా" అని రెండో గిన్నె తీశారు.