వెనక్కి వచ్చిన 13 చీరలు

2024 దసరాకి పది రోజుల్లో 41 చీరలు పంపాను. మా మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో పెట్టినప్పటి నుంచి అంత అమ్మకం ఎప్పుడూ చూడలేదు. ఇంటిల్లిపాదీ అర్ధరాత్రి దాకా కూర్చుని ప్యాకింగ్ చేశాం. పండగ వెళ్లిన వారానికి, పార్సిళ్లు తీసుకెళ్లడానికి వచ్చే కొరియర్ అబ్బాయి సంచి నింపుకుని రావడం మొదలుపెట్టాడు. "ఇవి మీవే అక్కా" అంటూ ఒకరోజు నాలుగు, ఇంకోరోజు మూడు ఇచ్చాడు. అలా మొత్తం 13 వచ్చాయి. అదే వారం సెటిల్‌మెంట్, అంటే చీరలు అమ్మే ఆన్‌లైన్ ప్లాట్‌ఫారం వాళ్లు నాకు వేసే డబ్బు లెక్క చూసుకుంటే, రావాల్సిన డబ్బు ఉండాల్సిన చోట మైనస్ గుర్తు ఉంది. అంతకుముందు అమ్మిన చీరల డబ్బులోంచే రీఫండ్‌లు కోసుకున్నారు. నేసినవాళ్లకు ఇవ్వాల్సింది ఇంకా నా దగ్గరే బాకీ ఉంది. ఆ టెన్షన్‌కి రెండు రాత్రులు నిద్ర లేదు.

కంగారులో చేసిన మొదటి తప్పు ఏమిటంటే, చీరలు ఎలా వచ్చాయో చూద్దామని కొన్ని పార్సిళ్లు గబగబా చింపేశాను. అందులో ఒక దాంట్లో మా చీర లేదు. ఎవరో కట్టి విడిచిన పాలిస్టర్ చీర ఉంది. నష్టం ఇవ్వమని ప్లాట్‌ఫారం వాళ్లకి క్లెయిమ్ పెడితే, పార్సిల్ విప్పుతున్నప్పటి వీడియో ఏదని అడిగారు. నా దగ్గర లేదు. 1,850 రూపాయల చీర పోయింది.

మూడో రోజు స్థిమితపడి, అన్నింటినీ చాప మీద పరిచి విడదీశాను. అప్పటిదాకా అన్నీ రిటర్న్‌లే అనుకుంటున్నాను కానీ, ఆరు పార్సిళ్ల సీలు కూడా ఊడలేదు. అవి ఆర్‌టీవోలు, అంటే కొనేవాళ్ల చేతికి చేరకుండానే తిరిగొచ్చినవి. ఆరూ క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లే. ఫోన్ ఎత్తలేదనో, ఇంట్లో లేరనో కారణం రాసుంది. వాటికి రీఫండ్ అన్న మాటే లేదు, చీరలు మడత కూడా నలగలేదు. వాటిని వెంటనే మళ్లీ అమ్మకానికి పెట్టేశాను. సగం బరువు అక్కడే దిగింది.

మిగిలిన ఏడింటిలో ఒకటి ఆ పాలిస్టర్ చీర. ఇంకొకటి కట్టుకుని పంపించారు. కుచ్చిళ్ల దగ్గర పసుపు మరక, కొంగుకి పిన్ను గుచ్చిన రంధ్రాలు ఉన్నాయి. పూజకి కట్టుకుని తిప్పి పంపారని చూడగానే తెలిసింది. దాన్ని కొత్త చీరగా అమ్మలేను, ఉతికి పక్కన పెట్టాను.

నాలుగు మాత్రం ఒకే కారణంతో వచ్చాయి: ఫోటోలో ఉన్న రంగు కాదు. నాలుగూ నెమలి కంఠం రంగువే. మొదట కోపం వచ్చింది, అంత మంచి రంగుకి ఏం వంక పెడతారని. ఆ చీరలు నేసే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఆయన మగ్గం గుంటలోంచి లేవకుండానే చీరను చేతిమీద వేసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మాయ్, దీనికి పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. నిలబడి చూస్తే నీలం, మడత తిరిగితే పచ్చ. నేతలో వంక ఉంటే నాకు చెప్పు. నువ్వు తీసిన ఫోటోలో పచ్చ ఎక్కడుందో చూపించు" అన్నాడు.

నిజమే. రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటోలో ఒట్టి నీలమే ఉంది. నీలం చీర అడిగినవాళ్లకి పచ్చ తిరిగే చీర పంపాను. అది వాళ్ల తప్పు ఎలా అవుతుంది? మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి వరండాలో చీరను కదిలిస్తూ చిన్న వీడియో తీసి పెట్టాను. "రెండు రంగుల పోగులతో నేసింది, వెలుతురును బట్టి నీలంగానూ పచ్చగానూ కనిపిస్తుంది" అని కిందే రాశాను.

ఏడోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. విశాఖపట్నంలో ఉండే ఒక రిటైర్డ్ టీచరుగారు నాకు నేరుగా వాట్సాప్‌లో ఆర్డర్ ఇచ్చి తెప్పించుకున్న చీర. అంచు పక్కన పేక పోగు తప్పి, జానెడు పొడవున సన్నటి గీత పడింది. హడావిడిలో నేను చీర పూర్తిగా విప్పి చూడకుండా పంపేశాను. ఆవిడ ఒక్క మాట గట్టిగా అనలేదు. "చూసుకోలేదేమోనమ్మా" అని ఫోటో పెట్టి, కొరియర్‌లో తిప్పి పంపారు. చీర అందిన రోజే యూపీఐలో మొత్తం డబ్బు, ఆవిడ కట్టిన కొరియర్ ఖర్చుతో సహా వేశాను. లోపం ఉన్న సరుకునీ, చెప్పినదానికి భిన్నంగా ఉన్న సరుకునీ వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉందని తర్వాత తెలిసింది. నాకైతే ఆ రూలు తెలియకపోయినా ఇచ్చేదాన్నే.

ఇక జీఎస్టీ. అక్టోబరు లెక్కలో 41 చీరలూ అమ్ముడైనట్టే చూపించి, వాటి మీద 5 శాతం పన్ను కట్టేశాను. తిరిగొచ్చిన చీరలు నా బీరువాలో ఉన్నాయి, వాటి పన్ను మాత్రం వెళ్లిపోయింది. మా లెక్కలు చూసే ఆయన క్రెడిట్ నోట్లు (ఆ అమ్మకాలు వెనక్కి వచ్చాయని చూపే పత్రాలు) వేసి, తర్వాతి నెల జీఎస్టీ లెక్క దాఖలు చేసేటప్పుడు సరిచేశారు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా దానికి గడువు ఉంటుందట. ప్లాట్‌ఫారం వాళ్లు మా డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్ కూడా (2024 జులై నుంచి అర శాతం) రిటర్న్‌లు తీసేశాక మిగిలిన అమ్మకం మీదే లెక్క. అప్పటి నుంచి పంపినవి ఎడమ పేజీలో, తిరిగొచ్చినవి కుడి పేజీలో రాసుకుంటున్నాను.

ఇప్పుడు ప్రతి చీరా లోపలి కొసన నంబరు వేసిన చిన్న గుడ్డ ముక్క కుట్టి పంపుతున్నాను. రిటర్న్ వస్తే ఫోన్ స్టాండుకి పెట్టి, పార్సిల్ మీది లేబుల్ చూపించి, విప్పడం దగ్గర్నుంచి చీర కొస దాకా పరిచి చూపించేవరకు ఆపకుండా వీడియో తీస్తాను. ఆరోజే క్లెయిమ్ పెడతాను, ఎందుకంటే వాళ్లిచ్చే గడువు చాలా తక్కువ. నేరుగా వచ్చే ఆర్డర్లకి క్యాష్ ఆన్ డెలివరీ మానేశాను.

సంక్రాంతికి 36 పంపితే 7 తిరిగొచ్చాయి. రంగు గురించి ఒక్కటే. ఒక పార్సిల్లో మళ్లీ వేరే చీర వచ్చింది. ఈసారి నంబరు ముక్క లేదని వీడియోలో కనిపించింది, తొమ్మిది రోజులకి డబ్బు పడింది. ఆ సాయంత్రమే వెళ్లి బాబాయ్ బాకీ తీర్చి, ఇంకో ఆరు నెమలి కంఠం చీరలు చెప్పి వచ్చాను.