ఏరియేటర్ గేర్ బాక్సుకి చిల్లు పడితే

కువైట్లోనో మస్కట్లోనో వర్క్‌షాపుల్లో పనిచేసే కోనసీమ, నరసాపురం కుర్రాళ్లకు ఇంటి నుంచి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి: "బావా, రొయ్యల చెరువు ఏరియేటర్ గేర్ బాక్సు కారుతోంది. ఎం-సీల్ పెట్టాం, ఊడొచ్చేసింది." ఏరియేటరంటే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం. వర్క్‌షాపులో అయితే అల్యూమినియాన్ని వెల్డింగ్ చేసే టిగ్ మెషీను, దానికి కావాల్సిన ఆర్గాన్ గ్యాసు సిలిండరు చేతికందేంత దూరంలో ఉంటాయి. చెరువు గట్టు మీద అవి ఉండవు. అయినా అల్యూమినియం పనిలో ముందు నేర్చుకోవాల్సింది తోమడం. అది ఇంటి దగ్గరా కుదురుతుంది.

ముందు అది అల్యూమినియమేనా అని చూడండి. సైజుకి మించి బరువుంటే జింకు పోత కావచ్చు, మంట పెడితే అతుకు కోసం కరిగించే జింకు-అల్యూమినియం రాడ్‌తో పాటు అదీ కరుగుతుంది. మరీ తేలిగ్గా ఉండి, గీకిన చోట వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగిందంటే మెగ్నీషియం. దాని దగ్గరికి మంట తీసుకెళ్లొద్దు, అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.

అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని మీద ఉండే కంటికి కనపడని ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటినా గట్టిగానే ఉంటుంది. కరిగిన రాడ్ పూసలు పూసలుగా జారిపోయేది ఆ పొర వల్లే.

ఆయిల్ వంపేసి, బేరింగులూ ఆయిల్ సీళ్లూ విప్పేయండి. చిల్లు అంచుని ఉప్పునీళ్లు తినేసి తెల్లటి పొడి కనిపిస్తుంటే, 3 ఎంఎం బిట్‌తో లోహం మెరిసేదాకా పెద్దది చేయాలి. చిన్న చిల్లుని పెద్దది చేయడానికి చేయి రాదు గానీ, పుచ్చిన అంచుకి ఏదీ అంటదు. పగులైతే రెండు కొసల్లో చిన్న చిల్లులు వేయండి, లేకపోతే ఇంకా పాకుతుంది. తర్వాత అసిటోన్‌తో తుడిచి, ఆ డబ్బాని దూరంగా పెట్టి, కొత్త స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో తోమండి. ఇనుము తోమిన బ్రష్ పనికిరాదు. బ్రేక్ క్లీనర్ కూడా వద్దు, క్లోరిన్ ఉన్న రకమైతే మంటకి విషవాయువు పుడుతుంది.

పోత భాగం ఆయిల్‌ని లోపలికి పీల్చుకుని ఉంటుంది. సెగ తగలగానే గోధుమరంగు చెమటలా పైకొస్తుంది. తుడవాలి, చల్లారనివ్వాలి, మళ్లీ అసిటోన్, మళ్లీ బ్రష్. చెమట ఆగేదాకా ఇదే పని. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

ఈ రాడ్ సుమారు 390 డిగ్రీలకి కరుగుతుంది. మంటని రాడ్‌కి పెట్టకూడదు, గేర్ బాక్సుకే పెట్టాలి. ఆ వేడికి రాడ్ తనంతట కరగాలి. అల్యూమినియం వేడిని చుట్టూ లాగేసుకుంటుంది కాబట్టి చిన్న గ్యాస్ టార్చ్ ఒక్కటే చాలదు. ఆరుబయట గ్యాస్ స్టవ్ మీద ముందు కాస్త వేడెక్కించండి. ఇది ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కూలిపోతుంది. అందుకే చిల్లుకి కాస్త ఎడంగా సబ్బుతో ఓ గీత గీయండి. గీత నల్లబడిందంటే వేడి దగ్గరికొచ్చినట్టే. రాడ్ కరిగాక, ఆ ముద్ద కిందికి స్టీలు ఊచ దూర్చి గీకండి. అప్పుడే పొర చిట్లి లోహం లోహాన్ని పట్టుకుంటుంది. చిల్లు 5 ఎంఎం దాటితే వెనక స్టెయిన్‌లెస్ రేకు అడ్డం పెట్టండి, రాడ్ దానికి అంటుకోదు. పనయ్యాక నీళ్లు పోయొద్దు, పోత పగులుతుంది.

గోడ మందంగా ఉంటే మంటే అక్కర్లేదు. 5 ఎంఎం చిల్లు వేసి, ఎం6 ట్యాప్‌తో (6 ఎంఎం బోల్టుకి మరలు కోసే పనిముట్టు) లోపల మరలు కోసి, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పూసిన అల్యూమినియం బోల్టు బిగిస్తే సరి. స్టీలు బోల్టయితే ఉప్పునీళ్లలో దాని చుట్టూ అల్యూమినియం కరిగిపోతుంది.

కారుతోందో లేదో కిరోసిన్ చెబుతుంది. బయట చాక్‌పీసు పొడి నీళ్లలో కలిపి పూసి ఆరనిచ్చి, లోపల కిరోసిన్ పోసి అరగంట ఉంచండి. పొడి మీద తడి మచ్చ కనిపిస్తే పని మళ్లీ మొదటికే. మచ్చ లేకపోతే శుభ్రం చేసి ఎపాక్సీ ప్రైమర్, పెయింట్ వేయండి. ఉప్పునీళ్లలో అల్యూమినియం కంటే ముందు జింకే అరుగుతుంది, కాబట్టి పెయింట్ లేని అతుకు నిలవదు.

పెట్రోలు ట్యాంకుకి మంట వద్దే వద్దు, ఖాళీగా ఉన్నా ఆవిరి పేలుతుంది. పెట్రోలుకి తట్టుకుంటుందని ప్యాకెట్ మీద రాసిన ఎపాక్సీ పూసి, 24 గంటలు ఆరనివ్వండి. అన్నం వండే సత్తు గిన్నెకి మాత్రం రాడ్ గానీ ఎం-సీల్ గానీ వాడొద్దు. అల్యూమినియం రివెట్ దూర్చి, రెండు వైపులా సుత్తితో బిగుతుగా నలగ్గొట్టండి.