కొత్త పిస్టల్‌తో ఒక ఆదివారం

ఈ పిస్టల్ గురించి రాసుకోవడానికి ఇప్పుడు వీలు కుదిరింది. చేతికొచ్చిన వారంలోనే రాసి ఉంటే అందులో మురిపెం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఎండాకాలం గడిచింది, వానలు మొదలయ్యాయి, పెల్లెట్ల (చిన్న సీసపు గుళ్ల) డబ్బాలు ఒకదాని వెనక ఒకటి ఖాళీ అయ్యాయి. ఇప్పుడు చెప్పగలను ఇది ఎలాంటిదో.

స్టైర్ ఈవో 10. ఆస్ట్రియాలో తయారైంది. 10 మీటర్ల పోటీలకు వాడే ఎయిర్ పిస్టల్, అంటే నింపిన గాలి ఒత్తిడితో కాల్చేది. రెండు లక్షలు దాటింది ఖర్చు. జూనియర్ కాలేజీ లెక్చరర్ జీతంలోంచి అంత తీయడం మాటలు కాదు. మా ఆయన మాత్రం "కొంటే ఒక్కసారే మంచిది కొను, మధ్యరకానివి రెండు కొనకు" అన్నాడు. ఆ మాట పట్టుకునే కొన్నాను.

పొద్దున ఆరున్నరకే షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ఒక పాత గోదాము, దాని పైన రేకులు. ఎనిమిదిన్నర దాటితే ఆ రేకుల వేడి మెడ మీదికి దిగుతుంది. ఫ్యాన్లు ఉన్నాయి కానీ, కాలుస్తున్నంతసేపు ఆపేయాలి. లేకపోతే పేపర్ టార్గెట్లు ఊగుతాయి. అందుకే మంచి షాట్లన్నీ పొద్దున పొద్దున్నే పడాలి, తర్వాత అరచేతిలో చెమట మొదలవుతుంది.

కొత్తవాళ్లు ముందుగా అడిగేది గురి ఎంత బాగుంది అని. నిజానికి గురి కోసం ఇంత డబ్బు పెట్టనక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా పాత పిస్టల్‌ని బిగించి కాల్చినా పెల్లెట్లు ఒకే చోట పడేవి. 10 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఆ లెక్కకు పాత బ్యారెల్ కూడా సరిపోతుంది. తేడా అంతా ట్రిగ్గర్‌లో ఉంది.

దీని ట్రిగ్గర్ మీద వేలు ఆనించి మెల్లగా వెనక్కి తెస్తే కొంత దూరం మెత్తగా వస్తుంది. తర్వాత ఒక చోట ఆగుతుంది. ప్రతిసారీ అదే చోట. అక్కడినుంచి ఇంకొంచెం ఒత్తిడి పెంచితే చాలు, షాట్ వెళ్లిపోతుంది. మధ్యలో గరుకు లేదు, జారుడు లేదు. రూల్ ప్రకారం ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. మ్యాచ్‌కి ముందు తనిఖీలో బరువు తగిలించి చూస్తారు. నేను ఆ ఆగే చోటు దాకా మొదటి దశకు 350, ఆ తర్వాతి రెండో దశకు 160 గ్రాములు పెట్టుకున్నాను. తనిఖీకి పది గ్రాములు మార్జిన్.

పాతదానిలో ఆ ఆగే చోటు ఒక్కో షాట్‌కి ఒక్కోలా అనిపించేది. వేలు దాన్ని వెతుక్కునేది. వేలు వెతుకుతుంటే మనసూ అక్కడికే పోతుంది, కన్ను ముందు సైట్‌ని (పిస్టల్ కొసన గురిచూసే మొనని) వదిలేస్తుంది. పిస్టల్ షూటింగ్‌లో ముందు సైట్ అంచులు చురుగ్గా కనపడాలి, నల్ల టార్గెట్ మసగ్గా ఉండాలి. టార్గెట్ స్పష్టంగా కనపడిందంటే ఆ షాట్ పోయినట్టే. ఇప్పుడు వేలుకి పని తెలుసు కాబట్టి కన్ను తన చోట తాను ఉంటోంది. ఆ రెండు లక్షల్లో ముప్పాతిక వంతు నేను దీనికే ఇచ్చాను అనుకుంటాను.

కాగితం మీద కూడా ఇది కనపడింది. కుడిచేతి వాటం వాళ్లు ట్రిగ్గర్‌ని గుంజితే షాట్ కిందికి, ఎడమకి పోతుంది. నా పాత టార్గెట్ల కట్ట తీసి చూస్తే అన్నీ అటువైపే తోక తీసి ఉంటాయి. ఇవాళ్టి పేపర్లలో ఆ తోక లేదు. ఎనిమిదులు ఇంకా పడుతున్నాయి, కానీ అన్ని దిక్కులా పడుతున్నాయి. అవి చెయ్యి ఊగినందుకు పడ్డవి, గుంజినందుకు కాదు. స్కోరు 540ల నుంచి 550 పైకి వచ్చింది. 600కి ఇది గొప్ప స్కోరేమీ కాదు, కానీ నాకు అంకె కన్నా ఆ తోక పోవడమే ఎక్కువ సంతోషం.

రీకాయిల్, అంటే కాల్చగానే పిస్టల్ వెనక్కి తన్నడం, దాని గురించి రెండు మాటలు. ఎయిర్ పిస్టల్‌కి రీకాయిల్ ఏంటి అంటారు, కానీ ఉంటుంది, కొద్దిగా మూతి లేస్తుంది. ఇందులో కాల్చిన క్షణంలో ఒక చిన్న బరువు లోపల కదిలి దాన్ని అణిచేస్తుంది. షాట్ వెళ్లాక కూడా సైట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే పెల్లెట్ ఎక్కడ పడిందో పేపర్ దగ్గరికి రాకముందే చెప్పగలుగుతున్నాను.

ఇక గ్రిప్. వాల్‌నట్ చెక్క. మ్యాచ్ పిస్టల్ గ్రిప్ కొన్న రోజే సరిపోవాలని ఎవరూ ఆశించరు, ఎవరి చేతికి వాళ్లు చెక్కుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఆనే చోట నాకు కొంచెం ఖాళీ ఉండేది. ఎం-సీల్ కలిపి అక్కడ పలచగా పూశాను. గట్టిపడ్డాక ముందు 120 నంబర్ ఉప్పుకాగితం, తర్వాత 220. రుద్దడం, పట్టుకోవడం, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తడం, తెరిచి చూడటం. సైట్లు వాటంతటవే వరసలోకి వచ్చేదాకా ఇదే పని. పక్క వీధి వడ్రంగి చూసి "మేడం, మంచి కట్టెను గిట్ల రాకుతున్నరేంది" అని బాధపడ్డాడు. అరచేయి ఆనే కింది పలకని మాత్రం హద్దులో పెట్టుకోవాలి. అది మణికట్టుకి ఊతం ఇవ్వకూడదు, మణికట్టు స్వేచ్ఛగా కనపడాలి, రూల్ అది.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి గాలి. పిస్టల్ సిలిండర్‌లో గాలిని 200 బార్ ఒత్తిడి దాకా నింపాలి. మన దగ్గర నింపేవాళ్లు లేరు. హైదరాబాద్ పోయి పెద్ద సిలిండర్‌లో నింపించి తెచ్చుకుంటే దాంట్లోంచి చిన్నది నింపుకోవచ్చు. పోయినసారి ఒక షాపులో డబ్బులు నిండుగా తీసుకుని సిలిండర్ సగానికి నింపి పంపారు, ఇంటికొచ్చి గేజ్ పెడితే గానీ తెలియలేదు. ఇప్పుడు నా గేజ్ నేనే పట్టుకెళ్తున్నాను. చేతి పంపు కూడా ఉంది, కానీ వానాకాలంలో దాంతో కొడితే గాలిలో తేమ లోపలికి పోతుందని భయం. మాటిమాటికీ ఫిల్టర్ చూసుకోవాలి.

ఇంకోటి, నింపిన సిలిండర్‌ని మన ఎండలో కారు డిక్కీలో వదిలేయకూడదు. 20 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 50 డిగ్రీలకు చేరితే దాదాపు 220 అవుతుంది. నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఈ లెక్క పిల్లలకు ఏటా బోర్డు మీద చేయిస్తాను. మే నెలలో మూసేసిన కారులో 50 డిగ్రీలు ఏమంత దూరం కాదు. అందుకే కాలేజీకి తీసుకెళ్లాల్సిన రోజు సిలిండర్ నాతోపాటు స్టాఫ్ రూమ్‌లోకే వస్తుంది.

పది గంటలకు ఇంటికొచ్చేసరికి అత్తమ్మ బత్తాయిలు ఒలుస్తూ కూర్చుంది. "గా తుపాకి ఇంట్ల పెట్టుకుంటే పోలీసోళ్లు రారా బిడ్డా?" అని మళ్లీ అడిగింది. పక్కన కూర్చుని మళ్లీ చెప్పాను. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు అత్తమ్మా, ఇది 5, 6 జౌల్స్‌కి మించదు అని. జౌల్స్ సంగతి ఆమెకి పట్టలేదు గానీ "ఐతే బీరువల తాళమేసి పెట్టు, పిల్లలు తిరుగుతుంటరు" అంది. లైసెన్స్ అక్కర్లేదు కదా అని బొమ్మలా చూడకూడదు. ఆమె చెప్పకముందు కూడా అది బీరువాలోనే ఉంది, పెల్లెట్లు వేరే అరలో.

ఈ ఏడాది రేంజ్‌లో ఆడపిల్లలు పెరిగారు. పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక తల్లిదండ్రులే తీసుకొచ్చి చేర్పిస్తున్నారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచిందని వాళ్లకు నేనే చెప్పాను. ఇవాళ తొమ్మిదో తరగతి పాప ఒకతి నా పిస్టల్ కాసేపు పట్టుకుంటానంది. ఇచ్చాను. చిన్న చెయ్యి, నాకు సరిపెట్టిన గ్రిప్ ఆమెకి వదులు. ఐదు షాట్లూ చెదిరిపోయాయి. తన క్లబ్ పిస్టల్‌తో అంతకన్నా బాగా కాలుస్తుంది. వాళ్ల నాన్న నన్ను పక్కకి పిలిచి ఇలాంటిదే కొనాలా అని అడిగాడు. ఇప్పుడే వద్దన్నా, చెయ్యి ఇంకా పెరుగుతుంది. ముందు ఆమె చేతికి సరిపోయే గ్రిప్ చేయించమన్నా. రెండేళ్లు క్లబ్ పిస్టల్‌తో మానకుండా వస్తే అప్పుడు అప్పు చేసైనా కొనొచ్చు. ఆయన కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు, కానీ నా మాట అదే.

సాయంత్రం స్క్రూలన్నీ ఒకసారి చూసుకున్నాను. ఈ అలవాటు టోక్యో ఒలింపిక్స్ చూశాక వచ్చింది. 2021 జూలైలో క్వాలిఫికేషన్ మధ్యలో మను పిస్టల్ లీవర్ విరిగి ఎంత సమయం పోయిందో టీవీలో చూశాను. 575 కొట్టి కూడా 12వ స్థానంలో ఆగిపోయింది. లీవర్ విరగడం నా చేతిలో లేదు, వదులైన స్క్రూ మాత్రం నా చేతిలోనే ఉంది.

తర్వాత తెల్లగోడ ఎదురుగా నిలబడి అరగంట డ్రై ఫైర్. పెల్లెట్ లేదు, గాలి ఖర్చు లేదు, ట్రిగ్గర్ మాత్రం అచ్చం అలాగే పని చేస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుతురులో వెనక సైట్ గాడి ఇరుకుగా అనిపించింది. నలభై దాటిన కళ్లకు ముందు సైట్‌కి రెండు పక్కలా ఇంకొంచెం వెలుతురు కావాలి. గాడి కాస్త వెడల్పు చేశాను. వచ్చే ఆదివారం రేంజ్‌లో పూర్తి 60 షాట్లు దీని మీదే కాల్చి చూడాలి. ట్రిగ్గర్‌ని మాత్రం జిల్లా పోటీలయ్యేదాకా ముట్టుకోను.