ట్రాలీ తగిలించే ముందు ఆ పిన్ను ఒకసారి బయటికి తీసి చూడండి

యాసంగి కోతలు మొదలైతే మా మిర్యాలగూడ రోడ్డు మీద ట్రాక్టర్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. హాలియా దిక్కు నుంచి, నిడమనూరు దిక్కు నుంచి వడ్ల ట్రాలీలు వస్తూనే ఉంటాయి, మిల్లుల గేట్ల ముందు బారులు తీరి ఉంటాయి. సీజన్‌కి ముందు అందరూ ఇంజన్ ఆయిల్ మారుస్తారు, టైర్లు చూసుకుంటారు, బ్యాటరీ చూసుకుంటారు. ట్రాక్టర్‌నీ ట్రాలీనీ కలిపి పట్టుకునే పిన్నునీ రింగునీ మాత్రం వంగి చూసేవాళ్లు తక్కువ. బస్తా 40 కిలోలు అనుకుంటే 150 బస్తాలకే 6 టన్నులు, ట్రాలీ సొంత బరువు దానికి అదనం. అంత బరువునీ లాగేటప్పుడు పట్టి ఉంచేది బొటనవేలికి కొంచెం మించిన లావుండే ఒక్క ఇనుప ముక్కే.

లోడ్ ఎక్కించాక చూస్తే ఏమీ తెలియదు. ఖాళీ ట్రాలీని చదునైన చోట నిలబెట్టి, చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, పిన్ను పూర్తిగా బయటికి తీయండి. గ్రీజూ మట్టీ కలిసి నల్లగా పేరుకుని ఉంటుంది, డీజిల్ గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఇప్పుడు గోరు పెట్టి పై నుంచి కిందికి మెల్లగా లాగండి. రింగు ఆనే చోట గోరు మెట్టులా తగిలి ఆగిందంటే పిన్ను అక్కడ సన్నబడిపోయింది, దాన్ని పక్కన పడేసి కొత్తది తెచ్చుకోండి. అరిగిన చోట వెల్డింగ్ పోసి, గ్రైండర్‌తో గుండ్రంగా చేసి మళ్లీ వాడేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. గట్టిపరిచిన ఉక్కుకి అట్లా వేడి తగిలితే అది పెళుసుబారుతుంది, వంగి హెచ్చరించకుండా ఒక్క దెబ్బకు విరుగుతుంది.

తర్వాత ట్రాలీ రింగు. ఎప్పుడూ ముందుకే లాగుతుంటాం కాబట్టి రింగు ముందు అంచు లోపలి వైపు అరుగుతుంది, అక్కడ ఇనుము తళతళ మెరుస్తూ ఉంటుంది. కొత్తప్పుడు గుండ్రంగా ఉన్న రంధ్రం పోను పోను కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పటి నుంచి గేరు మార్చిన ప్రతిసారీ, బ్రేకు కొట్టిన ప్రతిసారీ ట్రాలీ టక్కున వచ్చి పిన్నుని గుద్దుతుంది. "చప్పుడే కదా, మామూలే" అని వదిలేస్తారు చూడండి, ఆ గుద్దుళ్లే మిగతా అరుగుదలనంతా తొందరగా తెచ్చిపెడతాయి.

పిన్ను పోతే చేతికి దొరికిన బోల్టు దూర్చేయడం ఇంకో అలవాటు. మరలు ఉన్న భాగం రింగు దగ్గరికి వస్తే బోల్టు సరిగ్గా ఆ గాడి దగ్గరే తెగుతుంది. తలకాయ మీద 8.8 అనో 10.9 అనో బలం చెప్పే గుర్తు ఉన్న బోల్టు గట్టిదే కావచ్చు, కానీ అది ఆ రంధ్రానికి సరిపోయేలా చేసిన పిన్ను కాదు. పిన్ను కింద లాకు బదులు బైండింగ్ వైరు కట్టడం అంతకంటే ఘోరం. స్పీడ్ బ్రేకర్ మీద ట్రాలీ ఎగిరినప్పుడల్లా పిన్ను కొంచెం కొంచెం పైకి లేస్తుంది, వైరు ఎన్నిసార్లని ఆపుతుంది?

ట్రాలీ ముందుకు వచ్చే ఇనుప కమ్ములు రింగుతో కలిసే చోట వెల్డింగ్ కూడా చూడాలి. రంగు పగిలి సన్నని తుప్పు గీత కనిపిస్తే అనుమానించండి. వైర్ బ్రష్‌తో రుద్ది, కిరోసిన్ రాసి, కాసేపు ఆగి పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ బయటికి ఊరి సుద్ద మీద తడి గీతగా కనిపిస్తుంది. వెల్డింగ్ షాపులో "అన్నా, పైన ఇంకో కోటు వేస్తే అయిపోతది" అంటే "వద్దు తమ్మీ, గ్రైండర్ పెట్టి పగులు మొత్తం తీసేసి లోపలి నుంచి నింపు" అని చెప్పండి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా పర్వాలేదు.

ఎక్కడ తగిలిస్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. ట్రాక్టర్ వెనక కింద ఉండే డ్రాబార్‌కే, అంటే లాగడానికే చేసిన కమ్మీకే, తగిలించాలి. నాగలి లాంటి పనిముట్లను పై నుంచి పట్టుకునే టాప్ లింక్ దగ్గరో, వెనక ఇరుసు కన్నా ఎత్తులో ఇంకెక్కడో తగిలిస్తే, బరువు లాగేటప్పుడు ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ డ్రైవర్ మీదికే తిరగబడొచ్చు. రెండు చక్రాల ట్రాలీ అయితే లోడ్ సర్దడంలోనూ జాగ్రత్త కావాలి. బస్తాలన్నీ వెనక్కి వేస్తే రింగు పిన్నుని పైకి ఎత్తుతుంది, ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. అన్నీ ముందుకే వేస్తే ట్రాక్టర్ ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. మొత్తం బరువులో పదో వంతు, కొంచెం ఎక్కువైనా సరే, డ్రాబార్ మీద పడేలా సర్దితే బాగుంటుంది.

సేఫ్టీ గొలుసు మా దిక్కు దాదాపు ఎవరూ వేయరు, నాకు అన్నిటికన్నా బాధ అదే. పిన్ను విరిగినా ట్రాలీని పట్టి ఉంచేది గొలుసొక్కటే. రెండు గొలుసులు రింగు కింద అడ్డంగా ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేయాలి, మలుపులో బిగుసుకోకుండా, నేలకు రాసుకోకుండా ఉండాలి. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు కూడా లేవు. విడిపోయిన ట్రాలీ వాలు మీద ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు, నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కాక వెనక బస్సులు ఎంత దగ్గరగా వస్తాయో మీకే తెలుసు.

ఇంకొకటి, ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకండి. 2018 జూన్‌లో వలిగొండ మండలంలో కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి 15 మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. దాని కారణం వేరు, హుక్కు కాదు. అయినా పిన్ను ఎంత కొత్తదైనా, లాకు ఎంత బాగున్నా, ట్రాలీ బస్తాల కోసం చేసిందే.

తగిలించాక ఒక కిలోమీటరు పోయి పక్కకు ఆపి దిగండి. లాకు ఉందా, పిన్ను పైకి లేచిందా, గొలుసు ఎక్కడైనా ఇరుక్కుందా చూసి అప్పుడు ముందుకు కదలండి. టూల్ బాక్సులో స్పేర్ పిన్ను ఒకటి, లాకులు రెండు ఎప్పుడూ ఉంచుకోండి, అర్ధరాత్రి దారిలో లాకు పడిపోతే వైరు కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.