మొలగొలుకుల పుస్తకం: 214 పేజీల్లో 176 అయ్యాయి

జూన్ 14, శనివారం

కావలిలో మా పెదనాన్న వాళ్ల అటక సర్దుతుంటే ఒక పాత వ్యవసాయ పుస్తకం బయటపడింది. నెల్లూరు వైపు వరి సాగు, చెరువు కింద మళ్లు, మొలగొలుకులు అనే వరి రకం, కొలతలు... అన్నీ ఉన్నాయి. అట్ట లేదు, లోపల 214 పేజీలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు సరిదిద్దే మా గుంపులో చూపు లేని ఒంగోలు తమ్ముడు ఒకడున్నాడు. డీఎస్సీకి చదువుతున్నాడు. టంగుటూరు దగ్గర పొగాకు వేసే ఇల్లు వాళ్లది. "మాకు ఎప్పుడూ పరీక్షల పుస్తకాలేనా అక్కా" అని వాడు అన్న మాట నాకు గుర్తుంది. అందుకే దీన్ని కంప్యూటర్ గొంతు చదివి వినిపించేలా మార్చే పని పట్టుకున్నాను.

పెదనాన్నకు ఒకటే భయం, "స్కాన్ తీస్తే కేసు పెట్టరా అమ్మా?" అని. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, అచ్చు చదవలేని వాళ్ల కోసం ఇలా చేసుకోవచ్చని రాశారని చెప్పాను. ఇదే పని కోసం వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. అయితే ఆ ఫైలు చేరాల్సింది వాళ్లకే, ఊరందరికీ పంచడానికి కాదు. ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను.

మొదట ఫోన్‌తో 20 పేజీలు తీశాను. కుట్టు దగ్గర అక్షరాలు వంగిపోయి ప్రతి వరుసలో చివరి మాట పోయింది. మళ్లీ మొదటి నుంచి ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద తీశాను, 300 డీపీఐ, గ్రే. కాగితం పల్చగా ఉండి వెనక పేజీ అక్షరాలు కనపడుతుంటే వెనకాల నల్ల చార్టు పెట్టాను. అది బాగా పనిచేసింది. మూడు సాయంత్రాలు పట్టింది.

జూన్ 29, ఆదివారం

పది పేజీల చొప్పున గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, డాక్స్‌లో తెరిస్తే అక్షరాలు వచ్చేస్తున్నాయి. పక్కన స్కాన్ పెట్టుకుని చదివి సరిదిద్దాను. పేజీకి 12 నిమిషాలు. 30 పేజీలు పూర్తిచేసి తమ్ముడికి పంపాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఏందక్కా, మాట మధ్యలో సున్నా సున్నా అంటా ఉండాది?"

నాకు అర్థం కాలేదు. ఫైలు తెరిచి చూస్తే "పంట" పంటలాగే ఉంది. "పొలం" కూడా బాగానే ఉంది. ఒక్కో అక్షరాన్నీ విడిగా కాపీ చేసి చూస్తే అప్పుడు దొరికింది. కొన్ని చోట్ల పూర్ణానుస్వారం బదులు తెలుగు అంకెల్లోని సున్నా పడింది. రెండూ తెర మీద ఒకేలా గుండ్రంగా ఉంటాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేరు వేరు గుర్తులు. కాబట్టి గొంతు వాటిని వేరుగానే పలుకుతుంది. 30 పేజీల్లో అలాంటివి 61 ఉన్నాయి. నేను రెండు సార్లు చదివాను. ఒక్కటీ కనపడలేదు, కనపడే వీలే లేదు.

చాలా బాధేసింది. వాడు వాటన్నిటినీ దాటుకుంటూ 30 పేజీలూ విన్నాడు.

జులై 13, ఆదివారం

పద్ధతి మార్చాను. తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వేసుకున్నాను, ఉచితంగానే దొరుకుతుంది. దానిలో ఈస్పీక్ తెలుగు గొంతు కాస్త మరలాగా ఉంటుంది, కానీ రాసినదాన్ని రాసినట్టే పలుకుతుంది. నాకు కావలసింది అదే. ముందుగా ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అంకె సున్నాలన్నీ మార్చేస్తాను. తర్వాత కళ్లు స్కాన్ మీద, చెవి గొంతు మీద. తమ్ముడు వినే వేగం నాకు అందదు, నేను నెమ్మదిగానే పెట్టుకుంటాను.

చెవికి దొరికినవి చూడండి. "మడి ఆరిపోకుండా చూడవలెను" అన్నది "మది ఆరిపోకుండా" అయింది. మది అనేది మంచి తెలుగు మాటే కాబట్టి స్పెల్‌చెక్ దాన్ని పట్టదు. "మొక్క"లో వత్తు పోయి "మొక" అయింది. "పొలము" పాలము అయింది. వలపలగిలకను (పాత అచ్చులో అక్షరం పక్కన వేసే ర్ గుర్తు) చాలా చోట్ల తొమ్మిది అంకెగా తీసుకుంది. పాత అచ్చు పుస్తకం పట్టుకునేవాళ్లు వలపలగిలక సంగతి ముందే చూసుకోవాలి.

రచయిత రాసిన అరసున్నలు మాత్రం తీయలేదు. ఆ కాలపు రాత అది. చూపున్నవాళ్లకు దొరికిన పుస్తకమే వాళ్లకూ దొరకాలి.

ఇప్పుడు పేజీకి 9 నిమిషాలు.

ఆగస్టు 3, ఆదివారం

176 అయ్యాయి. అధ్యాయాల పేర్లకు బోల్డ్ పెట్టి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ ఇచ్చాను. అలా ఇస్తే హెచ్ కీ నొక్కుతూ అధ్యాయం నుంచి అధ్యాయానికి వెళ్లిపోవచ్చు.

ఎక్కువ టెన్షన్ పెట్టింది 143వ పేజీ, కొలతల పట్టిక. పక్కపక్కన రెండు నిలువు వరుసలు ఉంటే ఓసీఆర్ (స్కాన్ నుంచి అక్షరాలు తీసేది) అడ్డంగా చదివేసి "కుంచములు తూములు 4 20 తూము పుట్టి" అని ఇచ్చింది. వినేవాళ్లకు ఇందులో ఏం తెలుస్తుంది? తలవరుసతో నిజమైన టేబుల్ కట్టాను. 4 కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. పెదనాన్నకు వినిపిస్తే "మన దగ్గర ఇప్పటికీ వడ్ల బేరం పుట్టి లెక్కనే కదా, 850 కిలోలు" అన్నాడు. ఆ మాట పుస్తకంలో లేదు కాబట్టి నేను చేర్చలేదు.

తర్వాత 177వ పేజీలో నాగలి బొమ్మ ఉంది. బొమ్మకు వర్ణన రాయాలి. "మేడి, కర్రు, నొగ ఉన్న నాగలి" అని ఒక వాక్యం రాసి తమ్ముడికి పంపాను. వాడికి నచ్చలేదు. "ఏది దేనికి ఎట్లా తగిలించి ఉండాదో చెప్పాలక్కా. మా ఇంట్లో పాతది ఉండాది, చిన్నప్పుడు దాని మీదే కూర్చునేవాణ్ని. ఆదివారం ఊరికి పోతా. తడిమి చూసి ఫోన్‌లో చెప్తా, నువ్వు రాసుకో" అన్నాడు.

అందుకని 177 ఖాళీగా ఉంచి, 178 మొదలుపెట్టాను.