గ్రీకు చదివి ఏం చేస్తావ్?

ఇంజనీరింగ్ తర్వాత ఎమ్మెస్‌కి వెళ్తున్నానంటే ఎవరూ ఏమీ అడగరు గానీ, ప్రాచీన చరిత్రలో మాస్టర్స్ అని ఇంగ్లండ్ వచ్చానంటే మాత్రం మా బాబాయి దగ్గర్నుంచి కన్సల్టెన్సీ వాళ్ల దాకా అందరిదీ ఇదే ప్రశ్న. ఉద్యోగం సంగతి అడిగితే నా దగ్గరా గట్టి జవాబు లేదు. "మన శాతవాహనులు ఉండగా ఆ గ్రీకులు ఎందుకు" అనేవాళ్లకు మాత్రం ఉంది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో, ఈజిప్టు నుంచి సరుకు నడిపే ఒక గ్రీకు వర్తకుడు ఏ రేవులో ఏం దొరుకుతుందో వరసగా రాసిపెట్టాడు. అదే పెరిప్లస్. అందులో మసాలియా అని మన కృష్ణా తీరం వస్తుంది, అక్కడ సన్నబట్టలు బాగా తయారవుతాయని చెప్పి ముందుకు వెళ్లిపోతాడు మహానుభావుడు. తర్వాతి శతాబ్దంలో భూగోళం రాసిన టాలెమీ అనే గ్రీకు పండితుడు అదే తీరంలో కొంటకొస్సుల అనే వర్తక రేవు పేరు చెబుతాడు. అది మన కృష్ణా జిల్లా ఘంటసాల ఊరే అని పండితులు అంటారు, ఎందుకంటే నాగార్జునకొండలో బోధిసిరి అనే బౌద్ధ ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనంలో కంటకసేల మహాచైత్యం ప్రస్తావన ఉంది. ఒక్క ఊరి ఆచూకీ పట్టడానికి గ్రీకూ కావాలి, ప్రాకృతమూ కావాలి, బ్రాహ్మీ లిపీ రావాలి. ఇందులో మనదేది, వాళ్లదేది?

నాకు అన్నిటికంటే నచ్చింది వియన్నాలో ఉన్న ముజిరిస్ పాపిరస్. పాపిరస్ అంటే ఈజిప్టు రెల్లుతో చేసిన కాగితం లాంటిది, ముజిరిస్ పాత కేరళ రేవు. 1985లో అచ్చయింది. ఒకవైపు అప్పు ఒప్పందం, వెనకవైపు ఆ రేవు నుంచి వచ్చిన హెర్మపొల్లోన్ అనే ఓడలోని సరుకు విలువ లెక్కలు. ఏనుగు దంతాలు, జటామాంసి అనే సుగంధ మూలిక, వాటి మీద పావు వంతు సుంకం! రాజుల కథల కంటే ఇలాంటి చిట్టాలే నాకు కిక్కు.

ఇక చదువు సంగతి. ఇక్కడ మాస్టర్స్ ఎక్కువగా ఏడాదే, 180 క్రెడిట్లు, చాలా చోట్ల అందులో 60 డిసర్టేషన్‌కే, అంటే చివర్లో రాసే పరిశోధన వ్యాసానికే పోతాయి. క్లాసిక్స్ అనే కోర్సులో గ్రీకు, లాటిన్ భాష, సాహిత్యం ముఖ్యం, ముందే గ్రీకో లాటినో వచ్చి ఉండాలని అడుగుతారు. ప్రాచీన చరిత్రలో అంత పట్టుదల ఉండదు, చాలా యూనివర్సిటీల్లో మొదటి నుంచీ నేర్పే క్లాసులు ఉన్నాయి. అలాగని భాష తప్పించుకుందాం అనుకుంటే పీహెచ్‌డీ దగ్గర దొరికిపోతారు, అప్పుడు జర్మన్, ఫ్రెంచ్ కూడా చదవగలగాలి. చిన్నప్పుడు సంస్కృతం విభక్తులు బట్టీ పట్టినవాళ్లకు గ్రీకు నామవాచకాలు పెద్ద టెన్షన్ కాదు. క్రియలే ప్రాణం తీస్తాయి, అందులోనూ ఆయోరిస్ట్ అనే భూతకాల రూపం.

అప్లై చేసేముందు ఎస్ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసంలో) "చిన్నప్పటి నుంచి చరిత్ర అంటే ఇష్టం" అని రాయకండి, అందరూ అదే రాస్తారు. ఏ ఆధారం మీద ఏ ప్రశ్న అడగాలనుకుంటున్నారో రాయండి. పెర్సియస్ సైట్‌లో గ్రీకు మూలాలు, నిఘంటువు ఉచితంగా ఉన్నాయి, ఫీజు కట్టకముందే కొన్నాళ్లు దాంతో కుస్తీ పట్టి చూడండి.